చేప కడుపులో పదకొండేళ్ళు

యోనా ప్రవక్త చేప కడుపులో మూడు రోజులున్నాడని బైబిలు చెబుతుంది. మా నరసాపురంలో మాత్రం పదకొండేళ్ళున్నాడు. ఆయన్ని బయటికి రానివ్వకుండా కాపలా కాసింది ఏ చేపా కాదు, అబ్రహాము ఉపదేశి గారి భార్య సంపూర్ణమ్మ.

అబ్రహాము గారు మిషను వారి దగ్గర ఉపదేశి. ఆదివారం వాక్యం చెప్పడం, మిగతా ఆరు రోజులూ పాటలు కట్టడం ఆయన పని. చిన్న చిన్న పాటలు ఆయన ఆకలికి ఆనేవి కావు. యోనా కథ మొత్తం ఒకే పాటగా, గంటసేపు సాగేటట్టు కట్టాలని కూర్చున్నారు. రెండు ఫిడేళ్ళు, హార్మోనియం, క్లారినెట్టు, మద్దెల, పన్నెండు గొంతులు. ఒక్కొక్కరికీ ఒక్కో పని అప్పజెప్పారు. తుఫాను పుట్టేది మద్దెలలో. ఓడవాళ్ళు గోల పెట్టేటప్పుడు పన్నెండు మందీ ఒకరి మాట మీద ఒకరు పడి పాడాలి. యోనాని చేప మింగాక అందరూ నోళ్ళు మూసుకోవాలి, ఒక్క ఫిడేలు మాత్రం అడుగు తీగ మీద మూలుగుతూ ఉండాలి. అంతవరకూ కట్టి, గుడిలో అందరికీ నేర్పి, విషజ్వరం వచ్చి ఆయన కన్నుమూశారు. పాట సగంలో ఆగిపోయింది. ఊరికి తెలిసింది ఇంతే.

ఊరికి తెలియనిది సంపూర్ణమ్మకి తెలుసు. పోవడానికి నాలుగు రోజుల ముందు, జ్వరం కాస్త దిగిన పూట, ఆయన మంచం మీద లేచి కూర్చుని ఆఖరి చరణం పాడారు. ఆవిడ చేత రాయించారు. మాటలు కాగితం మీదికెక్కాయి. వరస మాత్రం ఆయన నోటినుంచి ఆవిడ చెవిలోకి పోయింది. ఆ రోజుల్లో వరసని కాగితం మీద పెట్టే అలవాటు మనవాళ్ళలో ఎంతమందికుంది గనక? పైన రాగం పేరూ తాళం పేరూ రాసేవారు, తక్కినదంతా గురువు నోట వినాల్సిందే. ఈ చరణానికి ఆ రాగం పేరైనా లేదు.

"ఇది ఒడ్డున వల లాగేవాళ్ళ పాటలోంచి తీశానే. చేప కక్కాక యోనా ఒడ్డున పడతాడు కదా. కాస్త తిప్పాను. నీ చెవిలో ఉంచు, నేను లేచాక దేవసహాయానికి నేర్పుతాను," అన్నారాయన.

ఆయన లేవలేదు. సంపూర్ణమ్మ ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే దానికో పాత మంట ఉంది. పాట కట్టినవాడు ఆఖరి చరణంలో తన పేరు పెట్టుకోవడం మనలో ఆచారం. ఆ పేరు ఒక్కటే పాట ఎవరిదో చెప్పే సాక్ష్యం. అబ్రహాము గారు బతికున్నప్పుడే, ఆయన కట్టిన ఒక క్రిస్మసు పాటకి పొరుగూరి ఉపదేశి ఒకాయన ఆఖరి చరణం పీకేసి, తన పేరున్న చరణం అతికించి, అచ్చులో వేయించుకున్నాడు. అబ్రహాము గారు "పోనీలేవే, జనం పాడుతున్నారుగా" అని నవ్వేశారు. సంపూర్ణమ్మ నవ్వలేదు. ఆ ఏడు క్రిస్మసుకి గుడిలో ఆ పాట అందుకోగానే చంటిపిల్లని చంకనేసుకుని బయటికొచ్చేసింది.

అందుకే ఆవిడ లెక్క ఆవిడ వేసుకుంది. ఆఖరి చరణం నా దగ్గరుంది. అది లేకుండా యోనా పాట ఎవడు ముగించినా వాడు దొంగే. ఆ రోజు కాగితం తీసి మొహాన కొడతాను. కాగితాన్ని మడిచి, లేసు అల్లే దారపు ఉండల కింద, రేకు పెట్టెలో అడుగున పెట్టింది. చెద పట్టిందేమోనని నెలకోసారి తీసి చూసుకునేది. వరస మాత్రం పైకి పాడేది కాదు. గోడలకి చెవులుంటాయి కదా. కూతురు ప్రసన్నకుమారికి పంతొమ్మిదేళ్ళు, గుడి పాటల జట్టులో అందరికంటే మంచి గొంతు దానిదే. దానికీ నేర్పలేదు. ఆడపిల్ల, అంట్లు తోముకుంటూ కూనిరాగం తీస్తే చాలు, వీధి వీధంతా ఎత్తుకుపోదూ!

ఇలా ఉండగా, పంతొమ్మిది వందల ఏడు ఫిబ్రవరిలో రాజమండ్రి నుంచి కాలవ పడవ మీద ఒక దొర వచ్చాడు. ఆయన వెంట ఫోనోగ్రాఫు వచ్చింది. దాని బాకా ముందు పాడితే మైనపు గొట్టం మీద గీతలు పడి, మళ్ళీ సూది పెట్టి తిప్పితే అదే పాట పలుకుతుంది. తెలుగు క్రైస్తవుల పాటలు పట్టుకెళ్ళి తమ దేశంలో వినిపించాలని దొరగారి ముచ్చట. బడి మాస్టారు దేవసహాయం ఆయనతో యోనా పాట సంగతి చెప్పాడు. దొర ఎగిరి గంతేసి, అదే కావాలన్నాడు.

దేవసహాయం అబ్రహాము గారి శిష్యుడు, ఆయన దగ్గరే ఫిడేలు నేర్చుకున్నాడు. ముప్పై అయిదేళ్ళవాడు, నెమ్మదస్తుడు. ఆ నెమ్మదే సంపూర్ణమ్మకి గిట్టేది కాదు. అతి వినయం ధూర్త లక్షణం అని ఊరికే అన్నారా? అతను ఆ సాయంత్రమే ఆవిడ ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మగారండీ, శనివారం పాట తీస్తారంటండి. గురువుగారి పాటల పుస్తకం ఒక్కసారి చూసుకోనిస్తే, తప్పులు లేకుండా పాడిస్తానండి."

"నీకు కంఠతా వచ్చు కదా నాయనా. మళ్ళీ పుస్తకమెందుకు?"

"వచ్చనుకోండి. కాకపోతే..." అతను ఉత్తరీయం కొస నలుపుకున్నాడు. "చేప కడుపులో ప్రార్థన తరవాత గురువుగారు ఇంకేమైనా కట్టారేమోనని. ఒక చరణమైనా, ఒక ముక్కైనా. మీ దగ్గరుంటే..."

సంపూర్ణమ్మ చేతిలో లేసు సూది ఆగింది. పదకొండేళ్ళ నుంచి అడగనివాడు ఇవాళ అడుగుతున్నాడు. లేదని తెలిస్తే తను అతికించుకోవచ్చు, ఉందని తెలిస్తే లాక్కోవచ్చు. ఎటు తిప్పినా పీట వేసుకుని కూర్చునేది ఇతనే.

"ఏమీ లేదు," అంది.

అతను ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క క్షణం చూపు ఆవిడకి అస్సలు నచ్చలేదు.

మూడు రోజులు పోయాక, పొద్దున్నే చేపల తట్టతో మరిడమ్మ వచ్చింది. మరిడమ్మ సముద్రపు ఒడ్డు పల్లెలోంచి వచ్చి ఇరవయ్యేళ్ళుగా ఆ వీధిలో చేపలమ్ముకునే మనిషి. చేపలతో పాటు కబుర్లూ తెస్తుంది. రెండిట్లో కబుర్లే తాజాగా ఉంటాయని వీధిలో వేళాకోళం.

"సంపూర్ణమ్మ గారండీ, మీ బళ్ళో మేస్టారికేమైనా పిచ్చి పట్టిందాండి? నిన్న మా ఒడ్డుకొచ్చి, వల లాగేటప్పుడు పాడే పాట పాడండహో అని మావోళ్ళ ఎనకాల పడ్డాడు. ఒకటికి పదిసార్లు పాడించుకున్నాడండి. ఆ బుర్ర గోక్కోడం, ఆ కాయితం మీద గీక్కోడం! మా ఆయన నవ్వలేక సచ్చాడు."

సంపూర్ణమ్మ బేరం సంగతే మరిచిపోయింది. వల లాగే పాట! ఆఖరి చరణం వరస అందులోంచి వచ్చిందని తనకి తప్ప భూమ్మీద ఎవరికీ తెలియదు. మరి ఇతనికెలా తెలిసింది? ఆయన మంచం మీద పాడిన పూట కిటికీ అవతల నిలబడ్డాడా? లేకపోతే ఈ ప్రసన్నకుమారి, అప్పటికి ఎనిమిదేళ్ళది, గుమ్మంలో ఆడుకుంటూ విని, ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని ఇప్పుడు కక్కిందా?

మధ్యాహ్నం అన్నం పెడుతూ కూతుర్ని అడిగింది.

"జట్టులో ఏం పాడుతున్నారే?"

"ఎప్పుడూ పాడేదేనమ్మా."

"ఆఖర్న?"

"ఆఖర్నేముంది? మాస్టారు ఫిడేలు వాయిస్తారు. ఆగిపోతుంది."

"మీ మాస్టారు కొత్తగా ఏమైనా కట్టాడా?"

ప్రసన్నకుమారి ముద్ద ఆపింది. "ఏమోనమ్మా. మొన్న సాయంత్రం బళ్ళో ఒక్కరే కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. నేను వెళ్ళేసరికి కాగితం పుస్తకం కింద దోపేశారు."

అంతే, ఇంకేం కావాలి! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పిల్లని చూసి కాగితం దాచేవాణ్ణి ఏమనుకోవాలి? సంపూర్ణమ్మ ఆ రోజు లేసు మూడుసార్లు తప్పు అల్లి మూడుసార్లు విప్పింది. సాయంత్రానికి ఒక నిర్ణయానికొచ్చింది. శనివారం తనూ వెళుతుంది. బాకాకి దగ్గరగా కూర్చుంటుంది. ఆఖరి గొట్టంలో దేవసహాయం తన పేరు పలికీ పలకగానే లేచి, "దొంగ!" అని బాకాలోకి అరుస్తుంది. మైనం మీద పడింది చెరగదంటున్నారు కదా, ఆ మాటే పడనీ. దొరగారి దేశమంతా విననీ. కాగితం జాకెట్టులో దోపుకుంది.

శనివారం పొద్దున బడి గది పెళ్ళివారిల్లులా ఉంది. గది మారుమోగకుండా దొర కిటికీలకి దుప్పట్లు కట్టించాడు. గొంతులు బాకా ముందు, ఫిడేళ్ళు వాళ్ళ భుజాల మీదుగా, క్లారినెట్టు వెనకాల బల్ల మీద. మద్దెల దెబ్బకి సూది ఎగిరిపోతోందని మద్దెలాయన్ని గుమ్మం అవతలికి గెంటేశారు. తుఫానంతా తనదే అయినవాణ్ణి వీధిలో కూర్చోబెట్టారని ఆయన అలిగాడు. ఒక్కో గొట్టం మీద రెండు నిమిషాల పాటే పడుతుంది. పది గొట్టాలు తెస్తే ఒకటి పడవలోనే పగిలింది. తొమ్మిది మిగిలాయి. అందుకని పాటలో ముఖ్యమైనవి ఎనిమిది ముక్కలు ఏరి, తొమ్మిదోది అవసరానికి ఉంచారు.

సంపూర్ణమ్మ బాకాకి చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుంది. దొర తనకి చేతనైన గ్రంథాల తెలుగులో, "అమ్మా, దయచేసి దగ్గకుండుడి," అన్నాడు. దగ్గను గానీ, అవసరమైతే అంతకంటే పెద్ద చప్పుడే చేస్తానని ఆవిడ మనసులో అనుకుంది.

మొదటి గొట్టం తిరగడం మొదలైంది. దేవసహాయం బాకాలోకి వంగి గట్టిగా చెప్పాడు. "నరసాపురం అబ్రహాము ఉపదేశి గారు కట్టిన యోనా పాట. మొదటి భాగం."

ఆ పేరు వినగానే సంపూర్ణమ్మ పీట మీద కదిలింది. మరుక్షణమే సర్దుకుంది. ముందు పేరు చెప్పి నమ్మిస్తాడు, చివర ముంచుతాడు. ఒక్కో గొట్టం అయిపోగానే దొర దాన్ని అట్టపెట్టెలో పెట్టి, మూత మీద ఇంగ్లీషులో ఏదో రాస్తున్నాడు. ఆవిడకి ఆ అక్షరాలు రావు. కూతుర్ని కొంగు పట్టుకుని లాగి, "ఏం రాశాడే?" అంది.

"నాన్న పేరేనమ్మా."

"సరిగ్గా చూడు."

"నాన్న పేరే," అంది ప్రసన్నకుమారి, సిగ్గుతో చచ్చిపోతూ.

తుఫాను అయింది. ఓడవాళ్ళ గోల అయింది. తుఫాను ఎవరివల్లో తేల్చడానికి చీట్లు వేయడం, యోనాని సముద్రంలోకి విసరడం అయ్యాయి. పదకొండేళ్ళ తరవాత అన్ని వాద్యాలతో విన్న ఆ పాట సంపూర్ణమ్మని మామూలుగానైతే ఏడిపించాల్సింది. ఏడవడానికి ఆవిడకి తీరికేది? కళ్ళు దేవసహాయం పెదవుల మీద, చెయ్యి జాకెట్టులో కాగితం మీద ఉన్నాయి.

ఎనిమిదో గొట్టం పెట్టారు. గొంతులన్నీ ఆగాయి. ఫిడేలు అడుగు తీగ మీదికి దిగింది. యోనా ప్రార్థన అది, మాటలు లేని ప్రార్థన. దిగి, దిగి, ఒకచోట నిలబడింది. అబ్రహాము గారు ఆపిన చోటు అదే. సంపూర్ణమ్మ పీట మీదనుంచి సగం లేచింది. దేవసహాయం కమాను దించాడు. బాకాలోకి వంగాడు. ఆవిడ నోరు తెరిచింది.

"మా గురువుగారు ఇంతవరకే కట్టారు," అన్నాడతను. "తరవాతది కట్టే అర్హత మాకెవరికీ లేదు."

గొట్టం మరి కాసేపు బరబరమని తిరిగి ఆగింది.

గదిలో అందరూ ఊపిరి వదిలారు. సంపూర్ణమ్మ మాత్రం లేచినది లేచినట్టే ఉండిపోయింది. "మరి వల లాగే పాట ఎందుకు నేర్చుకున్నావు?" అంది. ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది.

దేవసహాయం తెల్లబోయాడు. తరవాత తల దించుకున్నాడు. "గురువుగారు ఒకసారి అన్నారండి, యోనా ఒడ్డున పడేటప్పటికి మన ఒడ్డు పాటే ఉండాలిరా అని. ఆ మాట పట్టుకుని నేనే ఒక చరణం కడదామని చూశానండి. నాలుగు రాత్రులు కూర్చున్నాను. కట్టింది చదువుకుంటే నాకే సిగ్గేసింది. చింపేశాను. తప్పయితే క్షమించండి."

సంపూర్ణమ్మ కూలబడింది. ఏం చెయ్యాలో తెలియక, జాకెట్టులోంచి కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. అతను విప్పి చదివాడు.

*ఒడ్డు చేర్చినావు దేవా, ఓడిపోయిన వాని నన్ను*
*గడ్డిపోచ అబ్రహాము గట్టు మీద నిలిచె నేడు*

దేవసహాయం మళ్ళీ మొదటినుంచి చదివాడు. కోపం తెచ్చుకోవాల్సినవాడు. ఇన్నేళ్ళూ దాచిందని నిలదీయాల్సినవాడు. అతను ఆ కాగితం కళ్ళకద్దుకుని గుక్కపట్టి ఏడ్చాడు. ప్రసన్నకుమారి తండ్రి చరణాన్ని అతని భుజం మీదనుంచి చదువుతూ తల్లి వంక చూసింది. ఆ చూపుని సంపూర్ణమ్మ తట్టుకోలేకపోయింది.

సంగతి తెలిసిన దొర సంబరపడిపోయాడు. "అమ్మా, ఒక గొట్టము మిగిలియున్నది. మీరే పాడుడి!"

"వరస చెప్పండమ్మగారూ," అన్నాడు దేవసహాయం, మొహం తుడుచుకుని ఫిడేలు అందుకుంటూ. "ఒక్కసారి పాడితే చాలు, మేమందరం అందుకుంటాం."

ఆవిణ్ణి బాకా ముందు నిలబెట్టారు. గొట్టం తిరగడం మొదలైంది. రెండు నిమిషాలు. సంపూర్ణమ్మ గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుంది. ఆయన మంచం కనిపించింది. చెమట పట్టిన నుదురు, పాడుతూ ఎత్తిన కుడిచెయ్యి, అన్నీ కనిపించాయి. ఆయన పెదవులు కదులుతున్నాయి. పాట వినిపించలేదు.

"ఒడ్డు చేర్చినావు..." అని ఎత్తుకుంది. అది వరస కాదు. మళ్ళీ ఎత్తుకుంది. అదీ కాదు. ఎత్తుకున్న ప్రతిసారీ గుడిలో రోజూ పాడే ఏదో పాట వచ్చి అడ్డం పడుతోంది. దేవసహాయం మెల్లగా వల లాగే పాట ఫిడేలు మీద అందించాడు.

"ఇదేనా అమ్మగారూ?"

"ఇదే... ఇది కాదు. దీన్నే తిప్పారాయన. ఎక్కడో తిప్పారు." ఆవిడ కూతురి వైపు తిరిగింది. "ప్రసన్నా, నువ్వక్కడే ఉన్నావే, గుమ్మంలో ఆడుకుంటున్నావు. నువ్వైనా వినలేదటే?"

"లేదమ్మా," అంది ప్రసన్నకుమారి. "నన్ను అవతలికి పొమ్మని తలుపేశావు."

గొట్టం తిరుగుతూనే ఉంది. పదకొండేళ్ళలో ఒక్కసారి, అంట్ల దగ్గరో, పిల్ల తల దువ్వుతూనో, ఒక్కసారి పైకి పాడుకుని ఉంటే నిలిచేది. చెద పట్టకుండా కాగితం కాపాడింది గానీ, గొంతులో ఉన్నదానికి గాలి తగలనివ్వలేదు. దొంగలు రాలేదు. ఏ దొంగా రాలేదు. సంపూర్ణమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది, గొట్టం ఆగేదాకా.

దొరకి ఏం పాలుపోలేదు. ఆయనకి తెలిసింది యంత్రం ఒక్కటే గనక, సూది మార్చి గొట్టాన్ని మొదటికి తిప్పాడు. బాకాలోంచి ఒక ముసలిగొంతు వచ్చింది. సంపూర్ణమ్మ తన గొంతు బయటినుంచి వినడం అదే మొదలు. ఒడ్డు చేర్చినావు, ఒడ్డు చేర్చినావు. దగ్గు. ఎక్కడో తిప్పారు. నువ్వైనా వినలేదటే. లేదమ్మా. తరవాత ఉత్త బరబర శబ్దం.

"చింతిల్లకుడి," అన్నాడు దొర. "మైనమును గీకివేసిన ఇది పోవును. మరియొకమారు, ఇంకొక దినమున..."

"గీకకండి," అంది సంపూర్ణమ్మ.

దేవసహాయం దగ్గరికొచ్చాడు. "ఎందుకండి అమ్మగారూ, ఇది వద్దు. ఎనిమిది చాలు. గురువుగారి పాట ఎంతవరకుందో అంతవరకే పంపిద్దాం."

"వద్దు నాయనా. ఆయన ముగించారు. ముగిసిందని వినేవాళ్ళకి తెలియాలి. ఏమైందో కూడా తెలియాలి."

దొర గొట్టం తీసి అట్టపెట్టెలో పెట్టాడు. అలవాటు ప్రకారం కలం తీసి మూత మీద మొదటి అక్షరం రాయబోయాడు. సంపూర్ణమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. దొరలని తాకకూడదని కూడా ఆవిడకి గుర్తు రాలేదు.

"దాని మీద ఆయన పేరు వద్దు బాబూ," అంది. "నా పేరు రాయండి."